తెల్ల కాన్వాస్ షూస్ ఉతికాక పసుపు రంగు తేలితే ఏం చేయాలి?

తిరుపతిలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది. యూనివర్సిటీ గ్రౌండ్‌లో ఆడి తెల్ల కాన్వాస్ షూస్‌కి ఎర్రమట్టి పట్టించుకున్నారు. బకెట్‌లో డిటర్జెంట్ పౌడర్ వేసి నానబెట్టి, బ్రష్‌తో గట్టిగా రుద్ది, మేడ మీద ఎండలో పెట్టారు. తడిగా ఉన్నంతసేపూ తెల్లగానే ఉన్నాయట. సాయంత్రం చూస్తే వేళ్ల దగ్గర, కుట్ల వెంబడి పసుపు చారలు తేలాయి. బ్లీచ్ వేస్తే పోతాయా, వాషింగ్ మెషిన్‌లో వేయొచ్చా, వచ్చే ఆదివారం ఫ్రెషర్స్ డే లోపు మళ్లీ తెల్లబడతాయా అని అడుగుతున్నారు.

ముందు జవాబు చెప్పేస్తాను, టెన్షన్ పడకండి. తెల్లబడతాయి. బ్లీచ్ మాత్రం వేయొద్దు. ఇప్పుడు మీకు కనిపిస్తున్న పసుపు చాలావరకు గుడ్డలో మిగిలిపోయిన డిటర్జెంట్ వల్ల, తొందరగా ఎండలో ఆరబెట్టడం వల్ల వచ్చింది. దీన్ని మళ్లీ రుద్దాల్సిన పని లేదు. గోరువెచ్చని నీళ్లలో బాగా జాడించి, చివరి నీళ్లలో కాస్త వెనిగర్ వేసి ముంచి, తెల్ల కాగితం చుట్టి, నీడలో ఫ్యాన్ కింద ఆరబెట్టండి. ఎక్కువ జతలకు ఇంతే సరిపోతుంది.

మాది బైరాగిపట్టెడలో లాండ్రీ. నాన్న కాలంలో పంచెలు, చీరలు, పెళ్లి బట్టలు వచ్చేవి. ఇప్పుడు వాటితో పాటు షూస్ కూడా వస్తున్నాయి, ఎక్కువగా హాస్టళ్ల నుంచి. తెల్ల కాన్వాస్ మా దగ్గరికి వచ్చేటప్పటికి సగం జతలకు మీ కథే. మురికితో పాడైన వాటికంటే ఉతకడంలో పాడైనవి ఎక్కువ. అందుకే ఎలా ఉతకాలో చెప్పేముందు ఆ పసుపు ఎక్కడి నుంచి వస్తుందో చెప్తాను. అది తెలిస్తే మిగతాది మీరే ఊహించుకోగలరు.

కాన్వాస్ అంటే మందంగా నేసిన నూలు గుడ్డ. షూ ముందు భాగంలో అది ఒక్క పొర ఉండదు. పైన ఒకటి, లోపల ఒకటి, మధ్యలో వాటిని అతికించిన జిగురు ఉంటాయి. కింద రబ్బరు సోల్, దాన్ని చుట్టూ పట్టి ఉంచే రబ్బరు పట్టీ. నీళ్లలో నానబెట్టినప్పుడు డిటర్జెంట్ ఈ పొరలన్నింటిలోకీ పోతుంది. చొక్కాను పిండినట్టు షూను పిండలేం కాబట్టి, పోయింది పోయినట్టు తిరిగి బయటికి రాదు. తర్వాత ఎండలో పెట్టామనుకోండి, నీళ్లు పైపొర నుంచే ఆవిరవుతాయి. లోపలి నీళ్లు పైకి వస్తూ తమతో పాటు కరిగిన డిటర్జెంట్‌ని, సన్నటి మురికిని, కొద్దిగా జిగురునీ తీసుకొస్తాయి. నీళ్లు గాలిలో కలిసిపోతాయి, మిగతావన్నీ గుడ్డ పైన ఉండిపోతాయి. ఎక్కడ గుడ్డ మందంగా ఉంటే, ఎక్కడ ఆఖరున ఆరితే అక్కడ చార తేలుతుంది. అందుకే వేళ్ల దగ్గరా, కుట్ల దగ్గరా వస్తుంది. తడిగా ఉన్నప్పుడు కనిపించకపోవడానికి కారణం కూడా ఇదే, అప్పటికి అది ఇంకా లోపలే ఉంది.

డిటర్జెంట్ పౌడర్లలో చాలావాటిలో బట్టల సోడా కలుస్తుంది. అది క్షారం. క్షారం మిగిలిన నూలు గుడ్డను ఎండలో పెడితే పసుపెక్కుతుంది. వెనిగర్ ఆమ్లం కాబట్టి ఆ క్షారాన్ని చంపేస్తుంది. వెనిగర్‌తో గుడ్డ తెల్లబడదు, పసుపుకి కారణమైనదాన్ని తీసేస్తుందంతే. ఈ తేడా గుర్తుంటే వెనిగర్ సీసా మొత్తం గుమ్మరించరు. అర బకెట్ నీళ్లకు 3 చెంచాలు చాలు. వెనిగర్ దొరక్కపోతే కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) అడగండి, లీటరు నీళ్లకు అర చెంచా. నిమ్మరసం పిండినా పని జరుగుతుంది కానీ దానిలోని తొనలు, చక్కెర గుడ్డలో మిగులుతాయి. వడకట్టి వాడినా మళ్లీ ఒకసారి మంచినీళ్లతో కడగాలి.

ఇక మన ఊరి నీళ్ల సంగతి. కార్పొరేషన్ కుళాయిలో కల్యాణి డ్యామ్ నీళ్లో, తెలుగుగంగ నీళ్లో వస్తే పర్వాలేదు. హాస్టళ్లలో, అపార్ట్‌మెంట్లలో వాడేది ఎక్కువగా బోరు నీళ్లు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. మామూలు సబ్బు వాటితో కలిస్తే నురగ రాకుండా తెల్లటి తెట్టులాగా విరుగుతుంది. బకెట్ అంచున అంటుకునే ఆ జిడ్డు తెట్టే మీ షూ గుడ్డలో కూడా చేరుతుంది. కొన్ని బోర్లలో ఇనుము కూడా ఉంటుంది. మీ బాత్రూమ్‌లో కుళాయి కింద టైల్ మీద తుప్పు రంగు గీత పడి ఉంటే ఆ నీళ్లతో తెల్ల షూస్‌కి చివరి జాడింపు చేయకండి. మామూలు జాడింపులన్నీ ఆ నీళ్లతోనే కానిచ్చి, ఆఖరిసారి మాత్రం తాగడానికి తెప్పించుకునే క్యాన్ నీళ్లు 2 లీటర్లు వాడండి. రెండు షూస్‌కీ సరిపోతాయి. ఖర్చు పెద్దగా ఉండదు, తేడా మాత్రం కంటికి కనిపిస్తుంది.

వచ్చేసారి మొదటి నుంచి ఎలా ఉతకాలో ఇప్పుడు చెప్తాను, ఈసారికి మీకు జాడింపు నుంచి చేస్తే చాలు. మీ షూస్‌కి పట్టింది ఎర్రమట్టి కాబట్టి మట్టితో మొదలుపెడతాను.

మట్టి తడిగా ఉంటే ముట్టుకోవద్దు. పూర్తిగా ఆరనివ్వండి. ఆరాక రెండు షూస్‌నీ అడుగు వైపు కొట్టి దులిపి, పొడి బ్రష్‌తో ఒకే దిక్కుగా తోమండి. ఎర్రమట్టి రేణువులు చాలా సన్నగా ఉంటాయి. తడిపి రుద్దితే నేత సందుల్లోకి దిగబడిపోతాయి, తర్వాత ఎంత కడిగినా లేత గులాబీ రంగు మిగులుతుంది. ముప్పాతిక పని పొడి బ్రష్‌తోనే అయిపోవాలి. ఇక్కడ తొందరపడితే మిగతా అంతా శ్రమే.

తర్వాత లేసులు తీసేయండి, లోపలి మెత్త అట్ట ఊడి వచ్చేదైతే దాన్నీ తీయండి. ఇవి ఉంచి ఉతికితే లేసుల కింద గుడ్డ ఒక రంగు, పక్కన ఒక రంగు అవుతుంది. లేసుల్ని విడిగా ఒక మగ్గులో నానబెట్టుకోండి.

షూని బకెట్‌లో ముంచి గంటలు నానబెట్టొద్దు. గిన్నెలో గోరువెచ్చని నీళ్లు తీసుకోండి. చెయ్యి పెడితే హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు. మరీ వేడైతే జిగురు మెత్తబడుతుంది. దానిలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చెంచా, లేకపోతే బట్టలుతికే లిక్విడ్. హాస్టల్లో ఏదీ లేదంటే ఒక షాంపూ ప్యాకెట్ సరిపోతుంది, దానిలో బట్టల సోడా ఉండదు. బిళ్ల సబ్బు నేరుగా గుడ్డకు రుద్దకండి. మన బిళ్ల సబ్బుల్లో గట్టిదనం కోసం సున్నపురాయి పొడి, మట్టి లాంటివి కలుపుతారు. చొక్కాలోంచి జాడిస్తే పోతాయి. కాన్వాస్ నేతలో ఇరుక్కుని ఆరాక బూడిద రంగు పొరలాగా తేలతాయి.

బ్రష్ విషయానికొస్తే పాత టూత్‌బ్రష్ కుట్లకీ అంచులకీ సరిపోతుంది. గుడ్డకు మెత్తటి బట్టల బ్రష్ వాడండి. ప్లాస్టిక్ పళ్లు గట్టిగా ఉన్న బ్రష్‌తో రుద్దితే నూలు పోగు లేచి నూగు వస్తుంది. నూగు లేచిన చోట మురికి ఇంకా త్వరగా పడుతుంది. చిన్న చిన్న గుండ్రాలుగా తిప్పుతూ, ఒక చోట నురగ మట్టి రంగుకి మారగానే తడి గుడ్డతో ఎత్తేసి పక్కకి వెళ్లండి. మురికి నురగతోనే రుద్దుతూ పోతే మురికిని ఇక్కడి నుంచి అక్కడికి జరుపుతున్నట్టే.

జాడించడం దగ్గరే చాలామంది ఆగిపోతారు. పైన నురగ పోతే పని అయిపోయిందనుకుంటారు. ఒక పరీక్ష చెప్తాను. షూని నీళ్లలోంచి తీసి, వేళ్లు ఉండే ముందు భాగాన్ని రెండు బొటనవేళ్లతో గట్టిగా నొక్కండి. రబ్బరు పట్టీ, గుడ్డ కలిసే చోట చూస్తూ ఉండండి. అక్కడ కుట్టు రంధ్రాల్లోంచి సన్నటి తెల్ల బుడగలు వరసగా పైకి వస్తాయి. అది లోపల పొరల మధ్య ఇంకా సబ్బు ఉందని గుర్తు. నీళ్లు మార్చండి, మళ్లీ నొక్కండి. బుడగలకు బదులు ఉత్త నీళ్లు కారేదాకా ఇలా చేస్తూనే ఉండాలి. వేళ్లతో గుడ్డను తడిమితే జారుడుగా ఉండకూడదు, కరకరమన్నట్టు పట్టు తగలాలి. మా దుకాణంలో కుర్రవాళ్లకు ముందు నేర్పేది ఈ నొక్కి చూడటమే. అది వచ్చాకే బ్రష్ చేతికిస్తాను.

ఆ తర్వాత వెనిగర్ నీళ్లలో 10 నిమిషాలు, ఆఖరున మంచినీళ్లు.

ఆరబెట్టడం కూడా ఉతకడంలో భాగమే. ముందు పొడి తువ్వాలు లోపలికి కుక్కి, పైన కూడా చుట్టి గట్టిగా అదిమితే సగం నీళ్లు దానికే పోతాయి. తర్వాత లోపల తెల్ల కాగితాలు ఉండలు చుట్టి పెట్టండి. న్యూస్‌పేపర్ వద్దు, దాని సిరా తడి గుడ్డకు అంటుతుంది. రాసేసిన నోట్‌బుక్ కాగితాలు కూడా వద్దు. ఏమీ రాయని కాగితం లేదా తెల్ల టిష్యూ పేపర్ వాడండి. ఇప్పుడు బయట గుడ్డ భాగం మొత్తానికి తడి టిష్యూ పేపర్ పొరలు గాలి లేకుండా అతికించండి. ఇక్కడే కిటుకు ఉంది. నీళ్లు ఇప్పుడు గుడ్డ పైనుంచి కాకుండా కాగితం పైనుంచి ఆవిరవుతాయి. పైకి వచ్చే పసుపంతా కాగితంలో ఆగుతుంది. మర్నాడు కాగితం ఒలిచి చూడండి, మీ షూ మీద తేలాల్సిన చారలు కాగితం మీద తేలి ఉంటాయి. మొదటిసారి చూసినవాళ్లు ఆ కాగితాన్ని ఫొటో తీసి పంపుతుంటారు.

ఫ్యాన్ కింద, మడమ కిందికి, వేళ్ల భాగం పైకి ఉండేలా గోడకు ఆనించి పెట్టండి. పూర్తిగా ఆరడానికి ఒక రాత్రి, వానాకాలమైతే రెండు రోజులు. మేడ మీద ఎండ వద్దే వద్దు. మే నెలలో మన దగ్గర 40 డిగ్రీలు దాటుతుంది. సిమెంటు మేడ అంతకంటే ఎక్కువ కాలుతుంది. ఆ వేడికి జిగురు వదిలి సోల్ నోరు తెరుస్తుంది, రబ్బరు పగుళ్లిస్తుంది.

బ్లీచ్ ఎందుకు వద్దన్నానో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ ముందు దానిమీదికే వెళ్తారు. బట్టలకు వాడే క్లోరిన్ బ్లీచ్, బ్లీచింగ్ పౌడర్ రెండూ నూలు పోగును బలహీనం చేస్తాయి. షూలో నూలు ఒక్కటే ఉండదు. సాగే ఇలాస్టిక్, నైలాన్ దారం, రబ్బరు కూడా ఉంటాయి. ఇవి క్లోరిన్ తగిలితే పసుపెక్కుతాయి, ఆ పసుపు మళ్లీ పోదు. ఇంకోటి, కొత్త షూ అంత తెల్లగా మెరవడానికి గుడ్డలో కలిపిన మెరుపు పదార్థాలు కూడా కారణం. క్లోరిన్ వాటిని కూడా తినేస్తుంది. కాబట్టి బ్లీచ్ వేసిన షూ మరక పోయినా పాతగా, పాలిపోయినట్టు కనిపిస్తుంది. ఎర్రమట్టి రంగు ఇనుము తుప్పు లాంటిదే కాబట్టి బ్లీచ్ దాన్ని ఏమీ చేయలేదు కూడా.

బ్లీచ్‌ని వెనిగర్‌తోగానీ, నిమ్మ ఉప్పుతోగానీ, టాయిలెట్ కడిగే యాసిడ్‌తోగానీ ఎప్పుడూ కలపొద్దు. క్లోరిన్ వాయువు వస్తుంది. హాస్టల్ బాత్రూమ్ లాంటి చిన్న గదిలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. ఒకటి వాడాక సరిగ్గా కడగకుండా ఇంకోటి పోసినా ఇంతే.

తెల్లదనం కోసం ఏదో ఒకటి వాడాల్సిందే అనిపిస్తే ఆక్సిజన్ బ్లీచ్ వాడండి. మరకల కోసం డబ్బాల్లో అమ్మే పౌడర్లలో సోడియం పర్‌కార్బనేట్ అని రాసి ఉంటుంది, అదే. లేసులకైతే దీనికి మించింది లేదు, వేడి నీళ్లలో వేసి గంట వదిలేస్తే చాలు. మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా పనిచేస్తుంది. మన దగ్గర ఎక్కువగా 6 శాతం సీసా ఇస్తారు. దానికి సమానంగా నీళ్లు కలిపి, వంటసోడాతో ముద్దలా చేసి, మరక ఉన్నచోట పూసి అరగంట ఉంచి కడగాలి. చేతులకు గ్లవ్స్ వేసుకోండి.

కానీ మీ షూస్‌కి ఇది ఇప్పుడే చేయొద్దు. మట్టి రంగు మిగిలి ఉండగా పెరాక్సైడ్ పూస్తే, ఆ మట్టిలోని ఇనుము పెరాక్సైడ్‌ని విపరీతంగా రెచ్చగొడుతుంది. ఆ చోట నూలు కుళ్లినట్టు మెత్తబడి, కొన్నాళ్లకు వేలు పెడితే చిరుగుతుంది. తుప్పు పట్టిన లేసు రింగుల చుట్టూ కూడా ఇదే ప్రమాదం. ముందు ఇనుము పోవాలి. అర కప్పు గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా నిమ్మ ఉప్పు కరిగించి, దూదితో గులాబీ రంగు ఉన్నచోట అద్ది 20 నిమిషాలు ఉంచండి. పూర్తిగా పోకపోవచ్చు, బాగా తగ్గుతుంది. బాగా కడిగాకే పెరాక్సైడ్. తుప్పు తీయడానికి ఆక్సాలిక్ యాసిడ్ వాడమని వీడియోల్లో చెప్తుంటారు. అది పనిచేసే మాట నిజమే కానీ విషం, ఇంట్లో వాడే వస్తువు కాదు.

వంటసోడా, వెనిగర్ రెండూ కలిపి పొంగించే చిట్కా గురించి కూడా అడుగుతుంటారు. ఒకటి క్షారం, ఒకటి ఆమ్లం. కలిస్తే ఒకదాన్ని ఒకటి చంపుకుంటాయి. పొంగు పోయాక మిగిలేది ఇంచుమించు ఉప్పునీళ్లు. వేర్వేరుగా వాడితే రెండూ మంచివే.

మన ఊళ్లో వచ్చే కొన్ని మరకలు వేరే. రోజుకో వేషం కట్టే గంగమ్మ జాతర వారంలో మా దగ్గరికి వచ్చే షూస్ చూస్తే ఏ రోజు ఏ వేషమో చెప్పేయొచ్చు. బండ వేషం రోజు ఒంటికి పూసుకునేది కుంకుమ, తోటి వేషం రోజు బొగ్గు. వేషం కట్టినవాళ్లు చెప్పులు లేకుండానే ఉంటారు, ఆ గుంపులో తిరిగిన కుర్రాళ్ల షూస్‌కి అంటుతుంది. కుంకుమ పడితే నీళ్లు తగలనివ్వకండి. ముందు దులిపి, ఊది, మిగిలిన రంగును స్పిరిట్‌గానీ శానిటైజర్‌గానీ దూదికి తీసుకుని అద్దండి. రుద్దకూడదు, అద్ది ఎత్తాలి. దూదికి రంగు వచ్చినప్పుడల్లా దూది మార్చండి. మార్కెట్ కుంకుమలో చాలావాటికి రంగు కలుపుతారు, అది స్పిరిట్‌లో కరిగి వస్తుంది. బొగ్గు సంగతి వేరు. దాన్ని ఏ బ్లీచూ తెల్లగా చేయలేదు, రేణువుల్ని బయటికి తీయడం ఒక్కటే మార్గం. పొడి బ్రష్, తర్వాత గిన్నెల లిక్విడ్ చిక్కగా పూసి మెల్లగా. రెండు మూడు విడతలు పట్టొచ్చు.

వంటలో, పూజలో వాడే పసుపు పడితే, ఆ మరక సబ్బు తగలగానే ఎర్రగా మారుతుంది. చూసి హడలిపోకండి. పసుపు క్షారం తగిలితే ఎర్రబడుతుంది, కడిగితే మళ్లీ పసుపుకొస్తుంది. ఇది ఎండకు విరిగే రంగు. ఇక్కడ ఒక్కచోట మాత్రం ఎండ మన వైపు ఉంటుంది. సబ్బు పూర్తిగా జాడించాక, రబ్బరు భాగానికి తడి గుడ్డ చుట్టి, మరకను ఉదయపు లేత ఎండలో అరగంట చూపించండి. రెండు మూడు రోజులు ఇలా చేస్తే తగ్గిపోతుంది.

టీ ఒలికితే వెంటనే కడగండి, ఇనుము ఉన్న బోరు నీళ్లతో మాత్రం కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పని చూసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. అక్కడ గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో పులియబెట్టిన ద్రవంతో దానిమీద గీస్తే గీత నల్లగా తేలి ఉతికినా పోదు. కరక్కాయలోని వగరు, ఇనుము కలిసి అంత గట్టి నలుపు అవుతుంది. టీలో కూడా అదే జాతి వగరు ఉంది. టీ మరకను ఇనుప నీళ్లతో కడిగితే గోధుమ రంగు కాస్తా బూడిద నలుపుకు తిరుగుతుంది. వాళ్లకు అది కళ, మనకు తలనొప్పి.

నూనె, పచ్చడి పడితే టాల్కం పౌడర్ చల్లి రాత్రంతా వదిలి, పొద్దున దులిపి, గిన్నెల లిక్విడ్‌తో కడగండి.

రబ్బరు పట్టీకి టూత్‌పేస్ట్ బాగా పనిచేస్తుంది. తెల్ల పేస్ట్, జెల్ కాదు. దాన్ని గుడ్డకు రాయకండి, నేతలో ఇరుక్కుని ఆరాక గట్టిపడుతుంది. సోల్ పాతబడి లోపలి నుంచే పసుపెక్కితే అది మురికి కాదు, రబ్బరు గాలికీ ఎండకూ మారిపోవడం. దాన్ని బలవంతంగా తెల్లగా చేయబోతే పగుళ్లొస్తాయి. నా మాట అడిగితే వదిలేయండి. గుడ్డ తెల్లగా ఉంటే సోల్ లేత మీగడ రంగులో ఉన్నా బాగానే ఉంటుంది.

వాషింగ్ మెషిన్ గురించి: నేను వేయను. నీళ్లు వేడెక్కకుండా పెట్టి, దిండు గలీబులో వేసి, మెల్లగా తిరిగే సెట్టింగ్‌లో తిప్పితే కొత్త షూస్ తట్టుకుంటాయి. కానీ మెషిన్‌కు మీ మరక ఎక్కడుందో తెలియదు. సోల్ వంకరపోవడం, జిగురు వదలడం నేను చూసినవాటిలో ఎక్కువ స్పిన్నర్‌లో తిప్పినవే. డ్రయ్యర్‌లో అస్సలు వేయకండి.

నీలిమందు వేయాలనిపిస్తే వేయొచ్చు. దానివల్ల మురికి పోదు, కొద్దిపాటి పసుపును నీలం కప్పేస్తుంది. అర బకెట్ నీళ్లలో 3, 4 చుక్కలు వేసి బాగా కలిపి, షూ మొత్తం ముందే సమానంగా తడిసి ఉన్నప్పుడే ముంచి తీయాలి. పొడి షూని ముంచితే ఎక్కడ ముందు తడిస్తే అక్కడ నీలి మచ్చ. స్కూల్ పిల్లల షూస్‌కి శనివారం పొద్దున పూసే తెల్ల పాలిష్, సుద్దముక్క కూడా కప్పేసే పనే చేస్తాయి. డ్రిల్ క్లాసుకు అవి సరిపోతాయి. మీలాంటి షూస్‌కి పూస్తే మడత పడేచోట పొర పగిలి రాలుతుంది, చెమట తగిలితే ముద్దవుతుంది, తర్వాత ఉతకడం ఇంకా కష్టం.

మీ ఆదివారం సంగతి. గురువారం రాత్రి జాడింపు, వెనిగర్, కాగితం చుట్టడం చేసేయండి. శుక్రవారం సాయంత్రానికి ఆరుతుంది. అప్పుడు పగటి వెలుతురులో చూడండి, ట్యూబ్‌లైట్ కింద పసుపు సరిగ్గా తెలియదు. చారలు ఇంకా ఉంటే శుక్రవారం రాత్రి అదే పని మళ్లీ ఒకసారి. మట్టి రంగు కనిపిస్తే ఆ రాత్రే జాడింపుకి ముందు నిమ్మ ఉప్పు. శనివారం అంతా ఆరనివ్వండి, ఇంకేమీ పూయకండి. కాస్త తడి ఉండగానే వేసుకుంటే వేళ్ల దగ్గర మడతల్లో కొత్త చారలు తేలతాయి, వాసన కూడా వస్తుంది.

ఇదంతా మీవల్ల కాక ఎక్కడైనా ఇవ్వాలనుకుంటే, ఇచ్చేముందు రెండు అడగండి. క్లోరిన్ వాడతారా, ఎక్కడ ఆరబెడతారు. ఎండలో అని చెప్తే వెనక్కి తెచ్చుకోండి. మీరు ఇప్పటిదాకా దానికి ఏమేం వేశారో కూడా దాచకుండా చెప్పండి, ముఖ్యంగా బ్లీచ్ వేసి ఉంటే. అది తెలియకుండా మేం నిమ్మ ఉప్పు వేస్తే ఆ వాయువు పీల్చేది మా దుకాణంలో పనిచేసే పిల్లలు.